స్టీరింగు బాబాయి

నరసరావుపేటలోనైనా, మాచర్లలోనైనా, గురజాలలోనైనా కారున్న ప్రతి కుటుంబానికీ స్టీరింగు బరువెక్కిన రోజున పిలవకుండానే వచ్చే పెద్దమనిషి ఒకడుంటాడు. వరస ఏదైనా ఊరంతా ఆయనను బాబాయి అనే అంటుంది. ఆయన మెకానిక్కేమీ కాదు. పాత అంబాసిడరును నిలబెట్టిన చోటే తిప్పడానికి రెండు చేతులతో పాటు భుజబలం కూడా ఖర్చు చేసిన కాలం ఒకటుంది కనుక, అదే ఆయనకు పట్టా.

పవర్ స్టీరింగులో రెండు జాతులున్నాయి. మొదటిదానిలో ఇంజను బెల్టుతో తిరిగే పంపు ఆయిలును ఒత్తిడితో రాక్‌లోకి, అంటే చక్రాలను పక్కలకు జరిపే పళ్ల కడ్డీ ఉన్న గొట్టంలోకి, తోసి నడిపేవాడి చేతికి సాయపడుతుంది. ఇది 1951లో క్రైస్లర్ ఇంపీరియల్ కారుతో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. 1988లో సుజుకీ తన సెర్వో కారులో పెట్టిన రెండోదానిలో ఆ సాయాన్ని కరెంటు మోటారే చేస్తుంది గనుక ఆయిలు ప్రసక్తే లేదు. బాబాయి విద్య మొదటి జాతి దగ్గర ఆగిపోయింది.

ఆగినంత మేరకు అది గట్టి విద్యేనని ఒప్పుకోవాలి. ఆయన బానెట్టు మీదికి వంగి, కళ్లు మూసుకొని, "తిప్పరా... ఇంకా తిప్పు..." అంటూ వింటాడు, తిప్పినప్పుడు పంపు సన్నగా ఏడిస్తే ఆయిలు తగ్గిందనీ, బెల్టు కీచుమంటే వదులైందనీ, గుంతల్లో టకటకమంటే రాక్‌ను చక్రానికి కలిపే టై రాడ్ చివరి కీలు అరిగిందనీ చెబుతాడు, చాలాసార్లు నిజమే అవుతుంది. ఆపైన మూత తీసి, గుంటూరు యార్డులో వ్యాపారి మిరపకాయను తుంచి చూసినట్టు, ఆయిలు చుక్కను వేళ్ల మధ్య నలిపి వాసన చూస్తాడు: నురగ ఉంటే లోపల గాలి చేరినట్టు, నల్లబడి మాడు వాసన వస్తే మార్చవలసినట్టు. అయితే ఈ ఉపన్యాసం సాగినంతసేపూ స్టీరింగును ఒక పక్కకు చివరిదాకా తిప్పి పట్టుకొమ్మంటాడు. అలా కొన్ని క్షణాలకు మించి పట్టుకుంటే పంపు వేడెక్కి పాడవుతుందన్న సంగతి మాత్రం ఆయన చెవికి వినపడదు.

ప్రతి రోగానికీ ఆయన చూపే మూలం ఒక్కటే, పిడుగురాళ్ల సున్నపు బట్టీల దుమ్ము. రాక్ మీది రబ్బరు తొడుగు చిరిగితే దుమ్ము చేరి లోపలి భాగాలు అరుగుతాయి కాబట్టి ఆయనను పూర్తిగా కొట్టిపారేయడానికీ వీల్లేదు. చెడింది పంపా, రాకా అన్న మీమాంస మొదలైతే మాత్రం అరుగు మీది జనం పల్నాటి యుద్ధంలోలా బ్రహ్మనాయుడి పక్షంగా, నాగమ్మ పక్షంగా చీలిపోతారు. కారంపూడి దాకా వెళ్లవలసిన కారు అక్కడే ఉండిపోతుంది.

అసలు చిక్కు కరెంటు స్టీరింగుతో వస్తుంది. ఆయిలు డబ్బా కోసం పావుగంట వెతికి, దొరకక, కంపెనీవాళ్లు ఎక్కడో దాచారని తేలుస్తాడు. అక్కడ బ్యాటరీ నీరసించినా, ఫ్యూజు పోయినా, చేతి బలాన్ని కొలిచే సెన్సరు చెడినా డ్యాష్‌బోర్డు మీద దీపం వెలుగుతుందనీ, స్కానర్ పెడితే కారణం దొరుకుతుందనీ కుర్ర మెకానిక్కు చెప్పబోతే, "నాడి చూడలేనివాడికే మిషను కావాలిరా అబ్బాయ్" అంటాడు.

బాబాయిని ఇంతగా ఆడిపోసుకుంటున్న ఈ వ్యాసకర్త సైతం తన కారు స్టీరింగు బరువెక్కినప్పుడు నెలరోజులపాటు పంపు పక్షాన వాదించి, కొత్త పంపు ధర కూడా వాకబు చేసి పెట్టుకున్నాడు. ముందు చక్రాల్లో గాలి తగ్గినా స్టీరింగు బరువెక్కుతుంది. అన్నిటికన్నా ముందు చూడవలసింది అదే. బాబాయీ చూడలేదు, వ్యాసకర్తా చూడలేదు. గాలి కొట్టిన పెట్రోలు బంకు కుర్రాడు డబ్బులు కూడా అడగలేదు.