పదిహేను గింజల సేద్యం

"అమ్మమ్మా, ఇది పొలం ఆట. నీకు తెగ నచ్చుతుంది చూడు" అంటూ మా మనవడు స్విచ్ అనే ఆటల డబ్బాని టీవీకి తగిలించి, మీటలున్న ముక్కొకటి నా చేతిలో పెట్టాడు. న్యూజెర్సీ నుంచి సెలవులకొచ్చాడు. జూన్ నెల. ఇక్కడ కోనసీమలో కాలువలు వదిలి, ఆకుమళ్లు పోసుకునే రోజులు.

ఆట పేరు స్టార్‌డ్యూ వ్యాలీ. తాతగారు పోతూ పోతూ ఓ ఉత్తరమూ, పాడుబడ్డ పొలమూ మిగిల్చి వెళతారు. పట్నం ఉద్యోగంతో విసిగిన కుర్రాడు బస్సెక్కి ఊళ్లో దిగుతాడు. తెల్లారి లేచి చూస్తే ఇంట్లో ఓ పొట్లం. ఊరి మేయరుగారు కానుకగా ఇచ్చిన పదిహేను పార్స్‌నిప్ గింజలు. తెల్ల క్యారెట్ లాంటి దుంపట. తవ్వాం, నాటాం, నీళ్లు పోశాం. నాలుగు రోజులకి పంట. ఆటలో రోజంటే మన గడియారంలో పద్నాలుగు నిమిషాలు. పొయ్యి మీది కందిపప్పు ఉడికి తాలింపు పడేసరికి దుంపలు చేతికొచ్చేశాయి. వాటిని ఇంటి బయటున్న పెట్టెలో పడేసి పడుకుంటే తెల్లారేసరికి డబ్బు.

"బేరమాడేవాడేడిరా?" అన్నాను.

"లేడు."

"తేమ చూసేవాడు?"

"తేమ ఏంటమ్మమ్మా?"

మా రోజుల్లో అని మొదలెట్టానో లేదో వాడు కళ్లు తిప్పాడు. తిప్పనీ. మా రోజుల్లో కమీషన్ వ్యాపారి కల్లంలోకొచ్చి గింజ పంటికింద పెట్టుకుని కొరికేవాడు. పటుక్కుమంటే ఆరినట్టు, మెత్తగా నలిగితే పచ్చి. పచ్చిదంటే బస్తాకి ఇంత తరుగు. ఇప్పుడు మిషను పెట్టి చూస్తున్నారు, పదిహేడు శాతం దాటితే కొనరు. పంటికైనా మిషనుకైనా భయపడుతూ, ఆకాశంకేసి చూస్తూ, ధాన్యం తిరగేస్తూ కూర్చునే ఆ నాలుగు రోజులుంటాయే, సేద్యంలో సగం అదే. ఆ సగం తీసేసి మిగిలిన సగానికి "హాయి" అని పేరు పెట్టారు. వీటిని కోజీ గేమ్స్ అంటారట.

ఆటలంటే గిట్టని ముసలిదాన్ని అనుకునేరు. నాది పదహారేళ్ల అనుభవం. 2009లో మా పెద్దమ్మాయి పురిటికని న్యూజెర్సీ వెళ్లాను. బయట మంచు, లోపల పసివాడి నిద్ర, మాట్లాడ్డానికి మనిషి లేదు. అప్పుడు అమ్మాయి ఫేస్‌బుక్కులో ఫామ్‌విల్ చూపించింది. ఆ ఏడు జూన్‌లోనే వచ్చిందట ఆ ఆట. స్ట్రాబెర్రీలు వేస్తే నాలుగు గంటల్లో కోతకొచ్చేవి. టైముకి కోయకపోతే వాడిపోయేవి. పసివాడికి పాలు పట్టే వేళ, స్ట్రాబెర్రీ కోసే వేళ రెండూ ఒకటే అయ్యాయి నాకు. అర్ధరాత్రి లేచి అమ్మాయికి పిల్లాణ్ణందించి, నేను కంప్యూటరు దగ్గర కూర్చునేదాన్ని. చుట్టుపక్కల పొలాలవాళ్లకి ఎరువు చల్లి రావడం, చెట్లు కానుకగా పంపడం, వాళ్లు పంపలేదని మనసులో గుణుక్కోవడం. 2020 డిసెంబరు 31న అది మూతపడింది. ఫ్లాష్ అనే సాంకేతికత ఆగిపోవడంతో దాని మీద నడిచే ఆటా ఆగింది. గొప్ప ఆటని అనను. లోతేమీ లేదు, చారెడు నీళ్లు. కానీ వాడిపోవడం అనేది ఒకటుంది చూశారూ, ఆ ఒక్కదానికోసం నేను అర్ధరాత్రి లేచాను.

ఇప్పటి ఆటల్లో ఆ వాడిపోవడం కూడా కరువవుతోంది. మనవడు ఇక్కడున్న రెండు నెలల్లో నా చేత ఆరో ఏడో ఆటలు ఆడించాడు. అందులో ఒకటి, పేరు చెప్పను, డబ్బు పోసి కొన్నది. వందల రకాల కుర్చీలు, కర్టెన్లు, టోపీలు. గోడకి ఏ రంగు వేయాలో రెండు గంటలు ఆలోచించవచ్చు. పొలానికి మాత్రం నీళ్లు పోయకపోతే మొక్క ఎదగదంతే, చావదు. పశువుకి మేత వేయకపోతే మొహం కాస్త చిన్నబుచ్చుకుంటుంది. ఊళ్లోవాళ్లు ఎప్పుడు పలకరించినా అవే రెండు వాక్యాలు. మూడో రోజుకి నాకు ఆవలింతలొచ్చాయి. "ఇందులో ఇంకా చాలా ఉన్నాయి అమ్మమ్మా, అన్నీ అన్‌లాక్ అవ్వాలి" అంటాడు. సంతలో కొట్లెన్ని ఉంటే ఏం, అన్ని కొట్లలోనూ రిబ్బన్లే అమ్ముతుంటే?

స్టార్‌డ్యూ వ్యాలీ ఆ బాపతు కాదు, న్యాయంగా ఒప్పుకోవాలి. ఎరిక్ బరోన్ అనే కుర్రాడు నాలుగేళ్లకి పైగా ఒక్కడే కూర్చుని, బొమ్మలూ పాటలూ కథా అన్నీ తనే చేసి 2016 ఫిబ్రవరిలో బయటపెట్టాడట. ఒక్క చేతి మీద నడిచిన సేద్యం ఎక్కడున్నా నాకు గౌరవమే. రుతువుకి ఇరవై ఎనిమిది రోజులు. రుతువు మారితే పాత పంట చచ్చిపోతుంది. కాబట్టి పదమూడు రోజులు పట్టే గుమ్మడిని రుతువు చివర్లో వేస్తే గింజల డబ్బు గంగలో కలిసినట్టే. కార్తె తప్పితే పంట తప్పుతుందన్న ఇంగితం అందులో ఉంది. వరి కూడా పెట్టాడు. నీళ్ల పక్కన వేస్తే ఆరు రోజులు, లేకపోతే ఎనిమిది. మారుటేరు స్వర్ణ మా చేలో ఐదు నెలలు నిలబడేది. సరే, ఆట కదా అని ఊరుకున్నాను.

ఊరుకోలేనివి వేరే ఉన్నాయి. అక్కడ పళ్లచెట్టు మీద పిడుగు పడితే చెట్టు చావదు, నాలుగు రోజులు పళ్లకి బదులు బొగ్గు కాస్తుంది! ఊళ్లోవాళ్లతో స్నేహం కావాలా, మనిషికి వారానికి రెండు కానుకలు చేతిలో పెడితే చాలు. మూడో ఏడు మొదట్లో తాతగారి ఆత్మ వచ్చి పొలం ఎలా చేశావో చూసి మార్కులు వేస్తుంది. తక్కువొచ్చాయనుకోండి, దిగులేం లేదు. ఆయన గుడి దగ్గర ఓ వజ్రం పెడితే మళ్లీ వచ్చి దిద్దుతాడు. మా మావగారు బతికుండగా కాఫీ పెట్టిచ్చినా నా ఊడ్పుల మీద మాట మార్చింది లేదు. పైలోకం వెళ్లాక వజ్రానికి లొంగుతారా?

ఈ ఆటలన్నిటికీ పెద్దన్న హార్వెస్ట్ మూన్ అని మా అల్లుడు చెప్పాడు. చిన్నప్పుడు ఆడాడట. యసుహిరో వాడా అనే ఆయన మియజాకి వైపు పల్లెపట్టులో పెరిగి, టోక్యో చేరాక ఊరు గుర్తొచ్చి చేశాడు. జపాన్‌లో 1996 ఆగస్టులో విడుదలైంది. ఆడేవాడికి రెండున్నరేళ్ల గడువు. ఆ తర్వాత అమ్మానాన్నా వచ్చి చూస్తారు. నడి వేసవిలో తుఫాను కూడా వచ్చేదట, కంచెలు విరిగి పంట పోయేదట. ఆ మాట వినగానే నేను చేతిలో చాట పక్కన పెట్టాను. అదే 1996, నవంబరు 6 రాత్రి, మా కోనసీమ మీదకి నిజం తుఫాను వచ్చింది. దొడ్లోనూ చేలోనూ కలిపి మాకు నూటికి పైగా కొబ్బరి చెట్లుండేవి. తెల్లారి లెక్కేస్తే పదకొండు నిలబడ్డాయి. సార్వా పంట కోతకొచ్చి ఉంది, చేలో ఏది గట్టో ఏది మడో తెలీలేదు. మళ్లీ పెట్టిన కొబ్బరి మొక్కలు కాపుకొచ్చేలోపు మా పెద్దమ్మాయి చదువయింది, పెళ్లయింది, విమానమెక్కి వెళ్లిపోయింది కూడా. తుఫానుని ఆటలో పెట్టినవాడు ఎక్కడివాడైనా సేద్యం ఎరిగినవాడే. తర్వాత తర్వాత వచ్చినవాళ్లు ఒక్కొక్క తుఫానే పీకేసుకుంటూ వచ్చారు, ఆడేవాళ్లు నొచ్చుకుంటారని.

యానిమల్ క్రాసింగ్ అనే ఇంకో ఆట సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తాను. ఇల్లు కట్టిస్తాడొకడు. అప్పుకి వడ్డీ లేదు, గడువు లేదు. అలాంటి షావుకారు ఏ ఊళ్లో ఉంటాడో చెబితే మూటాముల్లే సర్దుకుంటాను. ఒక్క టర్నిప్పుల బేరం మాత్రం బాగుంది. ఆదివారం పొద్దున్న కొనాలి, వారంలోపు అమ్మాలి, లేకపోతే కుళ్లిపోతాయి. ధర పూట పూటకీ మారుతుంది. ఆ వారమంతా నేను మనవణ్ణి నిద్రపోనివ్వలేదు. పాత యానిమల్ క్రాసింగులో, ఆట దాచుకోకుండా ఆపేస్తే పందికొక్కులా నేలలోంచి తల బయటపెట్టి చెడామడా తిట్టేవాడొకడుండేవాడట. ఇప్పుడు ఆట దానంతటదే దాచుకుంటుంది కనక వాడికా పని లేదు. తిట్టేవాడు లేని ఊరు ఊరేనా అండీ?

యంత్రాల మీద మోజుంటే స్విట్జర్లాండ్ వాళ్ల ఫార్మింగ్ సిమ్యులేటర్ ఉంది. 2024లో వచ్చిన దాంట్లో వరి, నాటే మిషను, గేదెలు కూడా ఉన్నాయి. మా ఆయన పావుగంట చూసి, ట్రాక్టరు గేర్ల గురించి మనవడితో వాదించి, పడుకున్నారు. నాకు అందులో ఎన్ని ఎకరాలు దున్నినా పొలం గట్టు మీద పలకరించే నాథుడు కనపడలేదు.

లోతంటే నా లెక్కలో సరుకుల జాబితా కాదు. నిన్న నేను చేసిన పని ఇవాళ వచ్చి నన్ను నిలదీయాలి. మా చిన్నప్పుడు పెరట్లో మట్టితో గట్లు కట్టి, చెంబుతో కాలువ పారించి, గడ్డి పరకలు ఊడ్చి, లక్కపిడతల్లో గుజ్జనగూళ్లు వండుకునేవాళ్లం. ఖర్చు పైసా లేదు. మా తమ్ముడు కాలుతో నా గట్టు తెగ్గొట్టి తన మడికి నీళ్లు మళ్లించేవాడు. నేను ఏడ్చేదాన్ని. మర్నాడు నేను వాడి మడికి నీళ్లు రానిచ్చేదాన్ని కాదు. అరవై ఏళ్లు దాటింది, ఇప్పటికీ వాడా సంగతి ఎత్తుతాడు. పెద్దయ్యాక నిజం పొలంలోనూ అదే ఆట. తూము దగ్గర వంతు, కాలువ నీళ్లు చూసే లస్కరు దయ, శివారు చేలకి నీరందక గొడవలు. 2011 సార్వాలో మా కోనసీమ రైతులు గిట్టుబాటు కాక పంట విరామం అని పొలాలు బీడు పెట్టారు. దేశమంతా తిరిగి చూసింది. ఆ ఆటల్లో మీ పొలం మొత్తం బీడు పెట్టి చూడండి. ఊళ్లో ఒక్కరూ అడగరు. అదే నవ్వు, అదే రెండు వాక్యాలు.

చివరికి జూలైలో, నా గొణుగుడు పడలేక వాడు వెతికి వెతికి తెచ్చింది సకునా: ఆఫ్ రైస్ అండ్ రుయిన్. 2020 నవంబరులో వచ్చిన జపాన్ ఆట, ఓ చిన్న బృందం చేసింది. గారాబంగా పెరిగిన పంటల దేవత ఒకతె తప్పు చేసి దీవికి వెళ్లగొట్టబడుతుంది. అక్కడ రాక్షసులతో కొట్లాడాలి, వరి పండించాలి. కొట్లాట వాడిది, వరి నాది అని పంచుకున్నాం.

ముందు విత్తనం ఏరాలి. ఉప్పునీళ్లలో పోస్తే తాలు తేలుతుంది, గట్టి గింజ అడుగుకి పోతుంది. అది చూసి నేను వాడి వీపు మీద ఒకటిచ్చాను. మా అత్తగారు తొట్లో ఉప్పు కలిపి, పాళ్లు కుదిరాయో లేదో కోడిగుడ్డు వేసి చూసేవారు! దమ్ము చేయాలి. ఊడ్పులు ఒక్కొక్క మొక్కగా, వెనక్కి నడుస్తూ వేయాలి. ముందుకి నడుస్తూ ఊడ్చినవాళ్లని నేనూ ఎన్నడూ చూడలేదు. దుబ్బు దుబ్బుకీ ఎడం సరిగ్గా లేకపోతే పంట తేడా చేస్తుంది. మడిలో నీరెంత నిలపాలో, ఎప్పుడు తీసేయాలో చూసుకోవాలి. కలుపు తీయాలి. కోసి, దండెం మీద ఆరేసి, నూర్చి, రోట్లో దంచాలి. దంపుడు బియ్యంగా ఉంచుతావా, తెల్లగా చేస్తావా నీ ఇష్టం. రుతువుకి మూడే రోజులు, కానీ ఏడాదికి ఒకటే పంట. తప్పు చేస్తే మళ్లీ ఏడు దాకా దిద్దుకోవడం కుదరదు. ఆ బియ్యం ఎంత బాగుంటే దేవతకి అంత బలం, అంటే నా సేద్యం చెడితే మనవడు రాక్షసుడి చేతిలో తన్నులు తింటాడు. రాత్రి అయితే అందరూ ఒకచోట కూర్చుని అన్నం తింటారు. ఈ ఆట వచ్చినప్పుడు జపాన్‌లో ఆడేవాళ్లు కిటుకుల కోసం తమ వ్యవసాయ శాఖ వెబ్‌సైటు తిరగేశారట. ఆటంటే అదీ.

మొదటి ఏడు నేను గర్వంతో ఎరువు ఎక్కువ వేసి చెడగొట్టాను. రెండో ఏడు వాడు, "అమ్మమ్మా, నీకు వరి వచ్చన్నావు" అన్నాడు. కిటికీలోంచి చూస్తే మా చేలో ఊడ్పులు నడుస్తున్నాయి, బెంగాల్ నుంచి వచ్చిన కూలీలు వేస్తున్నారు. మా ఊరి ఆడవాళ్లలో వంగి ఊడ్చేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతే మిగిలారు. నేను కుర్చీలో కూర్చుని జపాన్ మడిలో ఊడుస్తున్నాను. ఎవరికి చెప్పుకోను?

అందులోనూ నాకో లోటు ఉంది. ఆ దీవిలో మడి మాది ఒక్కటే. పై చేను లేదు, కింద చేను లేదు, తగువు లేదు.

హైదరాబాదులో వీడియో గేములు తయారుచేసే పిల్లలు చాలామంది ఉన్నారని విన్నాను. నాయనలారా, గోదావరి డెల్టా మీద ఒకటి చేయండి. జూన్‌లో కాలువ వదలండి, వేసవిలో కట్టేయండి. తూము పెట్టండి, లస్కరుని పెట్టండి, పక్క చేనువాడు రాత్రిపూట గట్టు గండి కొట్టేలా చేయండి, వాడి కూతురి పెళ్లికి వెళ్లాలో మానాలో నన్ను తేల్చుకోనివ్వండి. కుర్చీలకి రంగులు నాకక్కర్లేదు. ఊడ్పుల దగ్గర సందేహం వస్తే అమలాపురం వైపు రండి, చెబుతాను. ఆదివారం పొద్దున్న మాత్రం రావద్దు. న్యూజెర్సీకి తిరిగెళ్లిన మనవడు వీడియో కాల్‌లో ఫోను టీవీకేసి తిప్పి పెడతాడు, నేనిక్కణ్ణుంచి నీళ్లు ఎప్పుడు తీయాలో చెబుతుంటాను. ఐదో ఏడు పంట చేలో ఉంది.