ఒక ప్రయాణ అనుమతి పత్రం ఆత్మకథ

పరదేశానికి బయలుదేరకముందే ఆ దేశ ప్రభుత్వానికి ఇంటర్నెట్ ద్వారా వివరాలు పంపి పొందే ముందస్తు అంగీకారాన్ని ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి అంటారు. భారతదేశపు విధానంలో ఇది వీసాకు ముందరి దశ మాత్రమే. విమానాశ్రయంలో అధికారి వేలిముద్రలు, ముఖచిత్రం తీసుకొని పాస్‌పోర్టు మీద ముద్ర వేసినప్పుడే వీసా పూర్తవుతుంది. ఇక్కడ రాస్తున్నది అటువంటి అనుమతికి అచ్చు ప్రతి అయిన ఒక ఏ-ఫోర్ కాగితపు చరిత్ర. చెప్పేది ఆ కాగితమే అయినా, ప్రభుత్వ పత్రాలు తమను తాము ప్రథమ పురుషలో చెప్పుకోవడం ఆచారం కనుక, ఈ పత్రం కూడా ఆ మర్యాదనే పాటిస్తోంది.

ఈ జాతి పత్రాలకు వయసు ఎక్కువ లేదు. ఆస్ట్రేలియా 1996లో ఇలాంటి అనుమతిని మొదలుపెట్టగా, అమెరికా 2009 జనవరిలో వీసా అక్కరలేని దేశాల వారికి దాన్ని తప్పనిసరి చేసింది, శ్రీలంక 2012 జనవరిలో ప్రవేశపెట్టింది. భారతదేశం 2014 నవంబరు 27న 43 దేశాల వారికి, 9 విమానాశ్రయాల ద్వారా వచ్చేందుకు ఈ సౌకర్యం కల్పించింది. ఆ తొమ్మిదిలో హైదరాబాదు ఉంది గాని విశాఖపట్నం లేదు. విశాఖ తరువాత చేరింది. ఆ చేరిక చిన్న విషయంగా కనిపించినా, తూర్పు కనుమల గిరిజన సీమకు, ముఖ్యంగా అరకు లోయకు, పరదేశి అతిథి నేరుగా వచ్చే దారి దానితోనే తెరుచుకుంది.

ఈ పత్రం 2019 నవంబరులో, అమెరికాలో పుట్టి పెరిగిన ఒక తెలుగువారి అమ్మాయి పేరిట జారీ అయింది. భారత మూలాలున్న విదేశీ పౌరులకు 2005 నుంచి ప్రవాస భారతీయ పౌరసత్వ కార్డు అనే జీవితకాలపు సౌకర్యం ఉన్నా, ఆ కార్డు తీసుకోనివారు తక్కిన విదేశీయుల్లాగే ఈ దారిన రావలసి ఉంటుంది. దరఖాస్తులో ఆమె తెల్లని నేపథ్యంతో, కళ్లజోడు లేకుండా తీయించుకున్న చదరపు ఫొటోను, పాస్‌పోర్టు వివరాల పుటను జతచేసింది. తల్లిదండ్రుల పేర్లు, వారు పుట్టిన ఊళ్లు, గడచిన మూడేళ్లలో చూసిన సార్క్ దేశాలు, భారతదేశంలో తనను ఎరిగినవారి చిరునామా రాసింది. తల్లిదండ్రుల పూర్వ జాతీయత అడిగిన చోట ఆమె ‘ఇండియా’ అని నింపింది. కడుపున పుట్టిన బిడ్డ తల్లిదండ్రుల దేశానికి రావడానికి అనుమతి అడుగుతున్న సంగతి ఆ దరఖాస్తు మొత్తంలో ఆ ఒక్క గడిలోనే బయటపడుతుంది. చూడదలచిన స్థలాల కింద విశాఖపట్నంతో పాటు అరకు పేరు ఉంది. ఒకసారి కట్టిన రుసుము ఏ కారణం చేతనైనా తిరిగి రాదని తెలిసే ఆమె దాన్ని చెల్లించింది. ఆ ఏడాదే కొత్తగా వచ్చిన అయిదేళ్ల గడువును ఎంచుకోవడంతో, పత్రం మీద 2024 నవంబరు దాకా ఎన్నిసార్లయినా వచ్చిపోయే హక్కు అచ్చయింది. ఈ గడువును దేశంలో దిగిన రోజు నుంచి గాక, అనుమతి మంజూరైన రోజు నుంచే లెక్కిస్తారు.

పత్రం పుట్టుక గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు. ఇంట్లోని ఇంకు ప్రింటరులో ఒక నిమిషంలో ముగిసిన పని అది. చేసిన సేవ మాత్రం చెప్పుకోదగినది. అమెరికా విమానాశ్రయంలో టికెట్టు కంటే ముందు ఈ పత్రాన్నే అడిగారు, ఎందుకంటే అనుమతి లేని ప్రయాణికుణ్ణి ఎక్కించుకుంటే తిరిగి తీసుకుపోయే భారం విమాన సంస్థ మీదే పడుతుంది. సింగపూరులో విమానం మారేటప్పుడు మళ్లీ చూపవలసి వచ్చింది. డిసెంబరులో విశాఖలో దిగాక, ఇమ్మిగ్రేషన్ అధికారి కంప్యూటరులోని వివరాలతో దీనిలోని ప్రతి అక్షరాన్నీ సరిపోల్చి ముద్ర వేశాడు. పాస్‌పోర్టులోని పేరుకూ అనుమతిలోని పేరుకూ ఒక్క అక్షరం తేడా వచ్చినా చిక్కే. ఇంటిపేరు ముందు రాసుకునే తెలుగువారు, దాన్ని చివర అడిగే దరఖాస్తుల్లో తడబడడం మామూలు కనుక, ఆ సరిపోలిక ఈ పత్రానికి నేటికీ గర్వకారణం.

తెల్లవారి బయలుదేరే కిరండూలు రైలులో అద్దాల పెట్టె ఎక్కి ఆమె అరకు వచ్చింది. 2017లో ఆ రైలుకు జతచేసిన ఆ పెట్టెను చూడడానికే విశాఖ వచ్చేవారు ఉన్నారు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని జపానుకు పంపేందుకు 1960లలో కొండలు తొలిచి వేసిన మార్గం అది. 58 సొరంగాలు దాటే ఆ దారి గనుల సంపదను బయటి ప్రపంచానికి మోసుకుపోవడానికి పుట్టి, ఇప్పుడు బయటి ప్రపంచాన్ని లోయలోకి తెస్తోంది. అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు వచ్చిందీ 2019లోనే. వలిసె పూలతో పొలాలు పచ్చగా ఉన్న ఆ రోజుల్లో, సిల్వర్ ఓక్ చెట్ల నీడన, మిరియాల తీగల నడుమ ఎర్రబడిన కాఫీ పండ్లను కోసే ఒక గిరిజన కుటుంబం నడిపే హోంస్టేలో, అంటే ఇంట్లోనే అతిథులకు గది ఇచ్చే బసలో, ఆమె దిగింది.

పరదేశీయులకు ఆశ్రయమిచ్చినవారు, అది పెద్ద హోటలైనా రెండు గదుల ఇల్లయినా, ఇరవై నాలుగు గంటల్లోగా వారి వివరాలను విదేశీయుల నమోదు అధికారికి తెలపాలని నియమం. ఆ నివేదికను అప్పట్లో ఫారం-సి అనేవారు. దాన్ని ఆన్‌లైనులో నింపలేక అతిథులను వద్దనే ఇళ్లు కొండ ప్రాంతాల్లో ఉన్నాయి. ఇక్కడ మాత్రం ఇంటి కొడుకు సిగ్నలు అందే మలుపు దాకా ఈ పత్రాన్ని తీసుకుపోయి, అంకెలన్నీ ఒక్కొక్కటిగా ఫోనులో ఎక్కించాడు. ఏ రాజధాని కౌంటరులో కంటే ఆ రోడ్డు పక్కనే ఈ పత్రాన్ని ఎక్కువ శ్రద్ధగా చదివారు.

ఆ శ్రద్ధ మరునాటితో ముగిసింది. ప్రయాణానికి ముందు ఈ పత్రాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, అది ఉందో లేదోనని పదే పదే తడిమి చూసుకున్న చేతులే, వెళ్లేనాడు దీన్ని గదిలోని బల్ల సొరుగులో వదిలేశాయి. కంప్యూటరులో వివరాలు ఉన్నాయి కదా, ఫోనులో ప్రతి ఉంది కదా అనేది వదిలినవారి సమాధానం కావచ్చు. కాని పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్టు సంఖ్య, ముఖచిత్రం అన్నీ ఒకేచోట ఉన్న కాగితాన్ని చింపకుండా పరాయి ఇంట్లో వదిలిపోవడం ఎంత అజాగ్రత్తో ఆమెకు తోచలేదు. కరెంటు పోయినప్పుడు వెలిగించే కొవ్వొత్తుల కింద, అగ్గిపెట్టెల పక్కన, అది నెలల తరబడి పడి ఉంది. వానాకాలంలో కొండమంచు తలుపు సందుల్లోంచి వచ్చి సొరుగంతా చెమ్మపట్టగా, రంగుల ఇంకుతో అచ్చయిన ఆమె ముఖం కరిగి చెదిరిపోయింది, నల్ల ఇంకుతో అచ్చయిన అంకెలు మాత్రం చెక్కుచెదరలేదు. ముఖం పోయి సంఖ్య మిగలడం ఈ పత్రానికి అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించిన సంగతి.

ఈలోగా లోకం మూతపడింది. కోవిడ్ కారణంగా భారత ప్రభుత్వం 2020 మార్చి 13 నుంచి పర్యాటక వీసాలను నిలిపివేసింది. లక్షణంగా గడువు ఉన్న అయిదేళ్ల అనుమతులన్నీ ఒక్కరోజులో పనికిరాకుండా పోయాయి. అద్దాల పెట్టె ఆగింది, హోంస్టే గదికి తాళం పడింది. అతిథుల మీద ఆశతో గది వేసుకున్న ఇంటికి కాఫీ తప్ప ఆధారం లేకపోయిన ఆ కాలంలో, తెల్ల కాగితం చేతికందక, ఇంటి ఇల్లాలు ఈ పత్రాన్ని తిరగేసి వెనుక వైపున పండ్లు కోసిన కూలీల లెక్క రాసింది. ఎవరు ఎన్ని కిలోలు కోశారు, ఎవరికి ఎంత బాకీ, గిరిజన సహకార సంస్థకు తూచిన గింజలెన్ని అనే వివరాలు బాల్‌పెన్నుతో నిండాయి. ప్రభుత్వం పక్కన పెట్టిన రోజుల్లో ఈ పత్రానికి దొరికిన పని అదొక్కటే; ఆ లెక్కను చూసి కూలి డబ్బులు పంచిన సాయంత్రాలను ఇది ముద్ర పడిన రోజుకు ఏమాత్రం తక్కువగా ఎంచదు.

2022 మార్చి 16న ప్రభుత్వం, గడువు మిగిలి ఉన్న అయిదేళ్ల ఈ-టూరిస్ట్ వీసాలను 156 దేశాల వారికి పునరుద్ధరించింది. ఆగిన రెండేళ్లను మాత్రం గడువుకు కలపలేదు. ఆ మరుసటి నెల 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడి, దరఖాస్తు నాడు విశాఖపట్నం జిల్లాలో ఉన్న అరకు కొత్త జిల్లాలోకి మారింది. 2023 శీతకాలంలో ఆ అమ్మాయి తల్లిని వెంటబెట్టుకొని అదే ఇంటికి వచ్చినప్పుడు, అదే అనుమతికి కొత్తగా అచ్చు వేయించిన ప్రతి ఆమె చేతిలో ఉంది. ఇంటి కొడుకు దానితోనే మళ్లీ వివరాలు నమోదు చేశాడు. పాతదాన్ని ఎవరూ అడగలేదు, వెతకలేదు.

2024 నవంబరుతో రెండు ప్రతులకూ గడువు తీరింది. ఆ ఏటి పంట లెక్కలకు కొత్త పుస్తకం కొన్నాక సొరుగు ఖాళీ చేసిన ఇల్లాలు ఈ పత్రాన్ని పాత కాగితాల కట్టలో కట్టింది, ఆ కట్ట వారపు సంతకు చేరింది. ప్రస్తుతం ఇది పావుకిలో మిరియాల పొట్లంగా ఉంది. మడతల మధ్య పాస్‌పోర్టు సంఖ్యలోని తొలి అంకెలు, వాటి కిందనే ఒక కూలికి ఇవ్వవలసిన బాకీ కనిపిస్తున్నాయి. ఆ బాకీకి ఎదురుగా, తీరినట్టు గీసే అడ్డగీత ఉంది.