ముఖాన కొట్టండి, దగ్గర్నుంచి కొట్టండి: పెళ్లి ఫొటోగ్రాఫర్లకు ఫ్లాష్ చిట్కాలు

కెమెరాకి బయటి ఫ్లాష్ కొనాలన్న ఆలోచన వచ్చిందంటే మీరు ఒక మెట్టు ఎక్కినట్టే. ఏది కొనాలి, ఎలా వాడాలి అని నలుగుర్ని అడిగారా, వెలుగు, నీడ, దూరం, కోణం అంటూ బుర్ర తినేస్తారు. వాళ్ల మాట వినకండి. ఫ్లాష్ అసలు ప్రయోజనం వాళ్లకి తెలీదు. ఫ్లాష్ ఉన్నది పెళ్లికూతురు కనపడడానికి కాదు, ఫొటోగ్రాఫర్ కనపడడానికి. అది మెరిసినప్పుడల్లా ఫంక్షన్ హాల్లో తలకాయలన్నీ మీవైపు తిరగాలి. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే కింది చిట్కాలన్నీ వాటంతటవే వంటబడతాయి.

1. పెట్టె మీద పెద్ద అంకె చూసి కొనండి

ప్రతి ఫ్లాష్‌కీ గైడ్ నంబర్ అని ఒకటి ఉంటుంది. కోఠిలోనో, మీ ఊళ్లోనో కెమెరా షాపు కౌంటర్ దగ్గర నిలబడి ఆ అంకె ఒక్కటే అడగండి. గోడాక్స్ టీటీ600కి 60. కెనాన్ 600ఈఎక్స్-ఆర్‌టీకీ 60. నికాన్ ఎస్‌బీ-910కి 34. అంటే నికాన్‌ది సగం బలమేనని అక్కడికక్కడే తీర్పు చెప్పెయ్యండి. మొదటి రెండూ ఫ్లాష్ లోపలి జూమ్‌ని 200 ఎంఎం దాకా లాగి, వెలుగంతా ఒక్కచోటికి పోగుచేసి కొలిచిన అంకెలనీ, నికాన్ వాళ్లది 35 ఎంఎం దగ్గర కొలిచిందనీ షాపాయన మొదలుపెడితే మాట మార్చండి. మండపంలో మీరు ఎక్కువసేపు ఉండేది ఆ 35 ఎంఎం చుట్టుపక్కలేనని ఆయన అంటే, పక్క షాపుకి వెళ్లిపోండి.

ఈ అంకెకి ఒక లెక్క కూడా ఉంది. దాన్ని ఎపర్చర్‌తో భాగిస్తే ఫ్లాష్ ఎన్ని మీటర్లు అందుకుంటుందో వస్తుంది. 60ని ఎఫ్ 4తో భాగిస్తే 15 మీటర్లు. అది ఐఎస్‌ఓ 100 దగ్గర. ఐఎస్‌ఓ 400 పెడితే అదే ఫ్లాష్ రెట్టింపు దూరం అందుకుంటుంది. కానీ పైసా ఖర్చు లేకుండా వచ్చే బలానికి పరువేముంటుంది? ఐఎస్‌ఓ 100 దగ్గరే ఉంచేసి, ఇంకా పెద్ద ఫ్లాష్ కొనండి.

తల అన్నివైపులా తిరిగే ఫ్లాష్‌కి ఎక్కువ డబ్బు అడుగుతారు. ఇవ్వకండి. ఎటూ తిప్పేది లేనప్పుడు మెడ ఎందుకు?

2. కాలు దూరితే జోడీ కుదిరినట్టే

ఫ్లాష్ కాలు కెమెరా నెత్తిమీదున్న హాట్‌షూలో దూరితే చాలు, ఇంకేం చూడక్కర్లేదు. కెనాన్ 1500డి, 3000డి, 200డి మార్క్ 2 ఉన్నవాళ్లు ఆ షూలోకి తొంగిచూస్తే మధ్యలో ఉండాల్సిన లోహపు పిన్ను కనపడదు. ఆ నడిమి పిన్ను మీదే బతికే చౌక ఫ్లాష్‌లు ఈ కెమెరాల మీద వెలగవు. ఈ సంగతి కొనకముందే తెలుసుకుంటే మజా ఏముంది? ముహూర్తం రోజున తెలియాలి.

పాత స్టూడియో అటక మీద ఫిల్ము రోజుల నాటి ఫ్లాష్ దొరికితే మరీ అదృష్టం. వాటిలో కొన్నింటి కాలి దగ్గర 200 వోల్టులు దాటి ఉంటుంది. నేటి డిజిటల్ కెమెరాలు చాలావరకు అంత వోల్టేజీకి కట్టినవి కావు. మల్టీమీటర్ పెట్టి కొలుచుకోవడం పిరికివాళ్ల పని. మీరు తగిలించి చూడండి. కెమెరా బతికితే మంచి కెమెరా అని అర్థం.

3. బ్యాటరీలు కలగాపులగంగా వెయ్యండి

రీచార్జి చేసుకునే నికెల్ బ్యాటరీ మీద 1.2 వోల్టులని ఉంటుంది, మామూలు దాని మీద 1.5 అని. పెద్ద అంకెదే గెలుపు అన్న మొదటి చిట్కా ఇక్కడా వర్తిస్తుంది. గట్టిగా కరెంటు లాగినప్పుడు నికెల్ బ్యాటరీలే తట్టుకుని నిలబడతాయనీ, ఫ్లాష్ తొందరగా మళ్లీ సిద్ధమవుతుందనీ అనుభవజ్ఞులంటారు. మీకు తొందరేముంది? గోడ గడియారంలోంచి రెండు, రిమోట్‌లోంచి రెండు తీసి వేసుకోండి. పంతులుగారు గట్టిమేళం అనగానే బాజాలు ఊపందుకుంటాయి, వరుడు మూడు ముళ్లు వేస్తాడు, మీ ఫ్లాష్ వెనక ఎర్రదీపం రెండో ముడి దగ్గర ఇంకా ఆలోచిస్తూ ఉంటుంది. ‘ఒక్క నిమిషం ఆగండి, మళ్లీ కట్టండి’ అని అడగడానికి మొహమాటపడకండి.

4. తల ఎదురుగానే ఉంచండి

అసలు విద్య ఇక్కడుంది. ఫ్లాష్ తలని నేరుగా ముఖం మీదికి గురిపెట్టండి. అలా చేస్తే ఏమవుతుందో ఒక్కొక్కటే చూద్దాం. వెలుగు వచ్చే చోటు ఎంత చిన్నదైతే నీడ అంచు అంత పదునుగా ఉంటుంది. ఫ్లాష్ ముఖం నాలుగు వేళ్లంత ఉంటుంది కనక పెళ్లికూతురి నీడ వెనక డెకరేషన్ తెర మీద కత్తిరించి అతికించినట్టు నల్లగా పడుతుంది. ఒక్క మనిషి డబ్బుకి ఇద్దరు. ముహూర్తం వేళకి చెమటా, మేకప్పూ కలిసిన నుదుటి మీద తెల్లటి మచ్చ పడుతుంది, బాసికం పక్కన అదో నగ. ముక్కుకీ చెంపకీ మధ్య ఉండే వెలుగునీడల తేడా పోయి ముఖం చదునుగా వస్తుంది.

ఇక కళ్లు. ఫ్లాష్ లెన్సుకి ఎంత దగ్గరగా ఉంటే కంటి వెనకపొర మీది రక్తపు రంగు అంత నేరుగా లెన్సులోకి తిరిగొస్తుంది. మసక వెలుగులో కనుపాప బాగా తెరుచుకుని ఉంటుంది కనక ఇంకా బాగా వస్తుంది. వధువు పట్టుచీర అంచుకి మ్యాచింగ్‌గా ఎర్ర కళ్లు.

కొందరు ఫ్లాష్ తలని పైకి తిప్పి సీలింగ్ మీద కొడతారు. అప్పుడు నాలుగు వేళ్ల ఫ్లాష్ పోయి, తలమీది సీలింగ్‌లో పెద్ద ముక్కే దీపమవుతుంది. నీడ మెత్తబడుతుంది, ముఖానికి గుండ్రదనం వస్తుంది. వెలుగు పైకి పోయి కిందికి రావాలి కనక బలం కొంత తగ్గుతుంది, దానికి ఐఎస్‌ఓ ఒకటి రెండు మెట్లు పెంచుకుంటారు. కళ్ల కింద నీడ పడకుండా తలని నిట్టనిలువుగా కాక కాస్త వెనక్కో పక్కకో వంచి, వెనకున్న తెల్ల గోడని కూడా వాడుకుంటారు. ఇంత చేశాక వచ్చిన వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆల్బమ్ చూసేవాళ్లకి తెలీదు. మరి ఫ్లాష్ కొన్న సంగతి లోకానికి తెలిసేదెలా?

5. తప్పక తిప్పాల్సి వస్తే, తప్పు చోటికి తిప్పండి

ఎవరైనా సతాయిస్తే సరే, తిప్పండి. కానీ ఎటు తిప్పాలో ఎంచుకోండి. ఎర్రపసుపు చారల షామియానా ఉంటే దానిమీద కొట్టండి. గుడ్డకి ఏ రంగుంటే వెలుగు ఆ రంగు పూసుకుని వస్తుంది, పందిట్లో పెద్దలందరికీ కామెర్లు వచ్చినట్టు కనపడుతుంది. ఆకుపచ్చ గోడ ఇంకా మేలు. ఆరుబయట రిసెప్షన్‌లో తలని ఆకాశంలోకి తిప్పండి. నక్షత్రాలకి తగిలి తిరిగొచ్చే వెలుగు కోసం ఎదురుచూడండి.

కెమెరాని నిలువుగా పట్టినప్పుడు ఫ్లాష్ తలని మళ్లీ సర్దకండి. అది సీలింగ్ వదిలేసి పక్కనున్న వీడియో ఆయన చెవిలో కొడుతుంది.

తెల్ల ప్లాస్టిక్ డోమ్ ఒకటి కొని ఫ్లాష్‌కి టోపీలా పెట్టండి. గదిలో అయితే అది వెలుగుని నాలుగు గోడలకీ పంచి ఎంతో కొంత పనిచేస్తుంది. ఆరుబయట అందులోంచి అన్నివైపులా పోయిన వెలుగులో వెనక్కి వచ్చేది ఏమీ ఉండదు, బ్యాటరీ మాత్రం తరిగిపోతుంది. అందుకే డోమ్ బయటే వాడండి. చూసినవాళ్లు పెద్ద ఫొటోగ్రాఫర్ అనుకుంటారు.

6. టీటీఎల్‌ని దేవుడిలా నమ్మండి

టీటీఎల్ అంటే ఫ్లాష్ ముందుగా ఒక చిన్న మెరుపు వదిలి, లెన్సులోంచి తిరిగొచ్చిన వెలుగుని కెమెరా కొలుచుకుని, అసలు మెరుపు ఎంత కావాలో నిర్ణయించుకునే ఏర్పాటు. అది ఎంత తెలివైనదైనా లోకమంతా ఓ మోస్తరు బూడిదరంగులో ఉంటుందని దాని గట్టి నమ్మకం. వధూవరులు మధుపర్కాలు కట్టుకొచ్చి నిలబడితే ఆ తెలుపుని చూసి ‘అబ్బో, వెలుగెక్కువైంది’ అని తగ్గించేస్తుంది. తెల్లబట్టలు బూడిదరంగులోకి, ముఖాలు చీకట్లోకి పోతాయి. రిసెప్షన్‌లో వరుడు నల్ల సూట్ వేసుకొస్తే తిరగబడి వెలుగు పెంచేసి ముఖాన్ని తెల్లగా మాడ్చేస్తుంది. వెనకాల ప్లస్, మైనస్ అని ఫ్లాష్ వెలుగు పెంచుకునే, తగ్గించుకునే సదుపాయం ఉంది. దాన్ని ముట్టుకోకండి. యంత్రం మనసు కష్టపెట్టడం మహాపాపం.

7. వెనకంతా చీకటి చెయ్యండి

ఫ్లాష్ మెరుపు చాలా పొట్టిది. ఆ వెలుగు ఎంత పడాలో ఎపర్చర్, ఐఎస్‌ఓ, ఫ్లాష్ బలం తేలుస్తాయి. షట్టర్ వేగం తేల్చేది హాల్లో అప్పటికే ఉన్న వెలుగుని. షట్టర్ 1/200 దగ్గర బిగించి, ఎపర్చర్ ఎఫ్ 11 చేసి కొట్టండి. ఎదుటివాళ్లు తెల్లగా వెలిగిపోతారు, వెనకంతా కటిక చీకటి. పూల మండపానికీ, సీరియల్ బల్బులకీ ఆడపిల్ల తండ్రి పోసిన లక్షలన్నీ ఆ చీకట్లో భద్రంగా ఉంటాయి. అదే షట్టర్‌ని 1/60కి దించి, ఎపర్చర్ తెరిచి, ఐఎస్‌ఓ పెంచితే ముఖం ఫ్లాష్ వెలుగులో, మండపం దాని సొంత దీపాల వెలుగులో రెండూ పడతాయి. అలా చేస్తే డెకరేషన్ ఆయనకి పేరొస్తుంది. మీకేం లాభం?

షట్టర్‌ని 1/500 దాటించి కూడా చూడండి. చాలా కెమెరాల్లో 1/200, 1/250 దాటాక షట్టర్ మొత్తం ఒకేసారి తెరుచుకోదు, సన్నటి సందు సెన్సర్ మీదుగా జారుకుంటూ పోతుంది. మెరుపు ఆ సందులో పడిన మేరకే ఫొటో, మిగతాది నల్ల పట్టీ. ఆ పట్టీ ఆడపడుచు మీదుగా పడేలా చూసుకుంటే పెళ్లికూతురికి మీమీద అభిమానం కలగవచ్చు. ఈ ఇబ్బంది తప్పించే హైస్పీడ్ సింక్ మీ ఫ్లాష్‌లో ఉంటే, దాన్ని మిట్టమధ్యాహ్నపు ఎండ కోసం దాచకుండా రాత్రంతా వేసి ఉంచండి. అది మెరుపుని ముక్కలు ముక్కలుగా కొట్టి బలమంతా తగలేస్తుంది.

తలంబ్రాల దగ్గర ఓ చిన్న ప్రమాదం ఉంది, కాచుకోండి. ఫ్లాష్ బలం తగ్గించే కొద్దీ మెరుపు ఇంకా పొట్టిదవుతుంది, సెకనులో కొన్ని వేలోవంతు. ఆ మెరుపే గాల్లో ఉన్న గింజని ఆపేస్తుంది. అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ 1930ల నుంచి చేసిన పని ఇదే. పాలచుక్క పడి కిరీటంలా లేచిన క్షణాన్ని ఆయన పట్టుకుంది ఇలాంటి పొట్టి మెరుపుతోనే. కాబట్టి ఎప్పుడూ ఫుల్ పవర్‌లోనే ఉంచండి. లేకపోతే పసుపు బియ్యం గింజగింజా గాల్లో విడివిడిగా కనపడి, అందరూ ఆ ఒక్క ఫొటోనే అడుగుతారు.

8. గ్రూప్ ఫొటోకి దగ్గరికి పోండి

దూరం రెట్టింపయితే వెలుగు నాలుగోవంతుకి పడిపోతుంది. ముందు వరస మీకు రెండు మీటర్ల దూరంలో, వెనక వరస నాలుగు మీటర్ల దూరంలో ఉండేలా నిలబెట్టండి. ముందున్న వియ్యపురాలు తెల్లకాగితమైపోతుంది, వెనకున్న మేనమామ ఎవరో తరవాత గొంతు విని పోల్చుకోవాలి. మీరు ఆరు మీటర్లు వెనక్కి జరిగితే రెండు వరసల తేడా బాగా తగ్గుతుంది. కానీ వెనక్కి జరిగినవాడు నాయకుడెలా అవుతాడు?

హోమం దగ్గరా ఇదే పద్ధతి. పొగ మీకూ దంపతులకీ మధ్యకి వచ్చేదాకా ఆగి ఎదురుగా కొట్టండి. ఫ్లాష్‌కి పొగే దగ్గర కనక ముందు అదే వెలుగుతుంది.

9. రంగులూ, చానళ్లూ పట్టించుకోకండి

ఫ్లాష్ వెలుగు పగటి వెలుగు రంగు, దాదాపు 5500 కెల్విన్. వీడియో వాళ్ల హాలోజెన్ 3200 దగ్గర ఉంటుంది, పసుపు. ఫ్లాష్ ముందు ఓ నారింజరంగు జిలెటిన్ ముక్క అతికిస్తే రెండూ కలిసిపోతాయి. అతికించకండి. ఒక చెంప నీలం, ఒక చెంప పసుపు.

వైర్‌లెస్‌గా పెట్టిన రెండో ఫ్లాష్‌ని చానల్ 1లోనే వదిలెయ్యండి. ఆడపెళ్లివారి తరఫున వచ్చిన మీకూ, మగపెళ్లివారి ఫొటోగ్రాఫర్‌కీ ఒకే రకం ట్రిగ్గర్, ఒకే చానల్ ఉంటే ఆయన నొక్కినప్పుడు మీది, మీరు నొక్కినప్పుడు ఆయనది వెలుగుతాయి. వియ్యం అందుకోవడమంటే ఇదే. వెలుగుని చూసి వెలిగే ఆప్టికల్ స్లేవ్ మోడ్ అయితే చానల్ గొడవ కూడా లేదు, హాల్లో ఎవరి చిన్న కెమెరా మెరిసినా మీ బ్యాటరీ ఖర్చవుతుంది.

10. చివరి మాట

ఈ చిట్కాలన్నీ తు.చ. తప్పకుండా పాటించండి. అయినా ఆల్బమ్‌లో ఒక్క ఫొటో, ముఖం నిండుగా, వెనక మండపం వెలుగుతూ, నీడ ఎక్కడా గుచ్చుకోకుండా బాగా వచ్చిందంటే మాత్రం నన్ను అనకండి. మీరు భోజనానికి వెళ్లినప్పుడు మీ అసిస్టెంట్ కుర్రాడు ఫ్లాష్ తల సీలింగ్‌కి తిప్పి, షట్టర్ 1/60కి దించి ఉంటాడు. అలాంటివాణ్ణి వెంటనే పని మాన్పించండి. లేదా వచ్చే పెళ్లికి కెమెరా వాడి చేతికిచ్చి, మీరు లైటు పట్టుకోండి.