మేడ మీది హ్యాకరు

మా పై వాటా కుర్రాడు చదివింది సివిల్ ఇంజినీరింగు, అవుతానంటున్నది ఎథికల్ హ్యాకరు. గురువు లేడు. యూట్యూబూ, ఓ పాత లాప్‌టాపూ, అర్ధరాత్రి దాటాక పుట్టుకొచ్చే హుషారూ ఉన్నాయి.

ఈ బాపతు వాళ్ళందరూ మొట్టమొదట హ్యాకింగ్ పనిముట్లతో వచ్చే కాలీ లైనక్స్ ఎక్కించుకుంటారు. ఆ పేరు విని వాళ్ళమ్మ లాప్‌టాప్‌కి బొట్టు పెట్టింది. తర్వాత నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాలు. ఆ తర్వాత నల్ల హూడీ. మే నెల, బెజవాడ! ఫ్యాను అయిదులో పెట్టుకుని మరీ తొడుక్కుంటాడు.

తొలి దండయాత్ర సొంత ఇంటి వైఫై మీదే. 2009లో రాక్‌యూ అనే అమెరికా కంపెనీ నుంచి బయటికి పొక్కిన పాస్‌వర్డుల జాబితా ఒకటుంది, కోటీ నలభై లక్షల పైమాటే. రాత్రంతా లాప్‌టాపు ఆవిర్లు కక్కుతూ ఒక్కొక్కటే వేసి చూసింది. తాళం ఊడలేదు. తండ్రి పెట్టిన పాస్‌వర్డేమో తాతగారి ఊరూ, ఎప్పుడో అమ్మేసిన చేతక్ నంబరూ. ఆ స్కూటరు సంగతి అమెరికా వాళ్ళకేం తెలుసు?

ఈలోగా వీధిలో పేరు పాకింది. "బాబూ, మా అల్లుడి వాట్సాప్ కాస్త చూసిపెట్టవూ?" అంటూ ఎదురింటావిడ వచ్చింది. మనవాడు గొంతు సవరించుకున్నాడు. "ఐటీ చట్టం 2000, సెక్షన్ 66, ఆంటీ. మూడేళ్ళ దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా. అల్లుడుగారు రాతపూర్వకంగా అనుమతిస్తే చూస్తాను."

"రాదని చెప్పొచ్చుగా!" అని ఆవిడ వెళ్ళిపోయింది.

ఆవిడ అన్నదీ పూర్తిగా అబద్ధం కాదు. పోర్టు అంటే ఏమిటో తెలియకుండానే, పోర్టులు వెతికే ఎన్‌మ్యాప్ నడిపేస్తూ కొన్ని నెలలు వెళ్ళదీశాడు. చివరికి బుద్ధిగా కూర్చుని నెట్‌వర్కింగ్ అఆఇఈలు దిద్దాడు. అందులో హూడీకి పనేమీ లేదు గనక ఆ చదువు ఫొటోలు ఎక్కడా పెట్టలేదు. అప్పుడుగానీ మెటాస్‌ప్లాయిటబుల్ లొంగలేదు. అది నేర్చుకునేవాళ్ళు కొల్లగొట్టడం కోసమే కావాలని తూట్లతో తయారుచేసిన ఉత్తుత్తి కంప్యూటరు, వీడి లాప్‌టాప్ లోపలే ఉంటుంది. తెర మీద "రూట్" అని, అంటే యంత్రం పూర్తిగా చేతికి చిక్కిందని, కనబడగానే రాత్రి రెండింటికి "దొరికింది!" అని కేకపెట్టాడు. తండ్రి చీపురు పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు, దొంగేమోనని.

ఇప్పుడు దృష్టి ఓఎస్‌సీపీ అనే హ్యాకింగ్ సర్టిఫికెట్టు మీద. ఫీజు లక్ష దాటుతుంది. పరీక్ష 23 గంటల 45 నిమిషాలు, కెమెరాలో కనిపెడుతూనే ఉంటారు. శివరాత్రి జాగారం అలవాటే గనక వాళ్ళమ్మ దీనికేం జంకలేదు. వీడికి దడంతా ఆ తర్వాతి 24 గంటల గురించే: ఏ కన్నం ఎలా పట్టుకున్నాడో వరసగా, ఇంగ్లీషులో, బొమ్మలతో సహా రిపోర్టు రాసివ్వాలి. ఇంజినీరింగు నాలుగేళ్ళూ రికార్డులన్నీ చెల్లెలిచేత రాయించినవాడు మరి.

చెల్లెలు అప్పుడే రేటు చెప్పేసింది. సగం అడ్వాన్సు.