నాలుగో పరుపు

మా హనుమాన్ జంక్షన్‌లో మనిషి బస్సును ఎంచుకోడు, బస్సే మనిషిని ఎంచుకుంటుంది. చేతిలో సంచీతో రోడ్డు పక్కన నిలబడితే చాలు. "ఏలూరు ఏలూరు ఏలూరు" అని ఒక కండక్టరు, "బెజవాడ, సీట్లున్నాయ్" అని ఇంకో కండక్టరు, "నూజివీడు ఎక్కెయ్ అబ్బాయ్" అని ఆటో అతను తలో రెక్కా పట్టుకుని లాగుతారు. గుడివాడ వెళ్ళాల్సిన మా పక్కింటాయన సీటు ఖాళీగా ఉంది కదా అని నూజివీడు బస్సెక్కి, వచ్చినందుకు మేనత్తను చూసి, రెండు మామిడి బుట్టలతో తిరిగొచ్చాడు. ఇలాంటి చోట ఇరవై ఏళ్ళు పెరిగినవాణ్ణి కూచోబెట్టి, "అమెరికాలో ఏ యూనివర్సిటీ, ఏ ప్రోగ్రాం ఎంచుకుంటావు?" అని అడిగితే ఏం చెబుతాను?

అడిగింది బెజవాడ బెంజి సర్కిల్ దగ్గర ఒక కన్సల్టెన్సీ వాళ్ళు. 2015 సంగతి. నేను బీటెక్ ఆఖరి ఏడాదిలో అడుగుపెట్టాను. ఏసీ గది, గోడ నిండా పచ్చికలో కూచుని నవ్వుతున్న కుర్రాళ్ళ ఫొటోలు. కౌన్సెలర్ అమ్మాయి ఊరి పేరడిగి, "అది సినిమా కదండీ?" అంది. 2001లో అర్జున్, జగపతిబాబు, వేణుల సినిమా వచ్చినప్పటి నుంచి మాకీ బాధ తప్పడం లేదు. ఊరే ముందు పుట్టిందని చెప్పుకోవాలి.

ఆ అమ్మాయి నా మార్కులు చూసి ఎనిమిది యూనివర్సిటీలు రాసిచ్చింది. రెండు అంబిషియస్, నాలుగు మోడరేట్, రెండు సేఫ్. అంబిషియస్ అంటే అప్లికేషన్ ఫీజు దండగ అని, సేఫ్ అంటే ఎవరినైనా రానిస్తారని తర్వాత తెలిసింది. మధ్యలో నాలుగూ ఏమిటో ఇప్పటికీ తెలీదు.

అప్పటికి జీఆర్‌ఈలో నాకు 340కి 298 వచ్చాయి. కౌన్సెలర్ ముఖం ముడుచుకుపోయింది గాని, నాన్న ముఖం వెలిగిపోయింది. కాలిక్యులేటర్ తీసి 87 శాతం అని తేల్చి, సాయంత్రానికల్లా టీకొట్టు దగ్గర అందరికీ చెప్పేశారు. ఆ పరీక్షలో లెక్క సున్నా దగ్గర కాదు, 260 దగ్గర మొదలవుతుందని నేను చెప్పలేదు. కొన్ని నిజాలు తండ్రికి చెప్పకపోవడమే పితృభక్తి.

నాన్నకు ఆ చదువుల మీద ఉన్న సందేహం ఒక్కటే. కన్సల్టెన్సీలో గంటసేపు కోర్సుల గురించి విని చివర్లో అడిగారు: "కాళ్ళకు ఏమీ కట్టరు కదమ్మా?" 2011 జనవరిలో కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ యూనివర్సిటీ మీద అధికారులు దాడి చేసి, మన తెలుగు పిల్లల్లో కొందరి కాళ్ళకు ట్రాకర్లు తగిలించారు. టీవీలో అది చూసిన రాత్రి నాన్న అన్నం తినలేదు. ఆ యూనివర్సిటీ పెట్టినావిడకు 2014లో పదహారేళ్ళ పైచిలుకు జైలుశిక్ష పడింది కూడా. కౌన్సెలర్‌కు ఇదంతా తెలిసినట్టు లేదు. "షూ సైజు గురించా అంకుల్?" అంది.

మధ్యలో జర్మనీ మాట వచ్చింది. అక్కడ ప్రభుత్వ యూనివర్సిటీల్లో దాదాపు ఫీజు ఉండదు, ఖర్చులకు మాత్రం ఏడాది డబ్బు ముందుగా బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి. నేను ఉత్సాహపడ్డాను. నాన్న మాత్రం నొసలు చిట్లించారు. ఎల్కేజీ నుంచి నా ప్రతి క్లాసుకూ ఫీజు కట్టిన మనిషాయన. "ఫీజు లేదంటే ఏదో లోపం ఉండే ఉంటుందిరా" అన్నారు. జర్మనీ అంతటితో సరి.

ఎనిమిదింటికి అప్లై చేస్తే మూడు రమ్మన్నాయి. టెక్సాస్‌లో ఒకటి, ఇల్లినాయిస్‌లో ఒకటి, మిస్సోరీలో వారెన్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో ఒకటి. చెప్పొద్దూ, ఆ ఒక్క వారం నేను నిజంగానే ఎంచుకున్నాను. లాంగ్ నోట్‌బుక్‌లో గళ్ళు గీసి, ఏ ప్రోగ్రాంలో ఏ సబ్జెక్టులున్నాయో, ఎవరు చెబుతారో, ఎంత ఖర్చో రాత్రిళ్ళు కూచుని రాసుకున్నాను. నాకు కావలసిన మెషీన్ లెర్నింగ్ ఇల్లినాయిస్‌లో బాగుంది. దాని చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్‌తో సున్నా చుట్టాను. నా చదువు మొత్తంలో నా అంతట నేను తీసుకున్న నిర్ణయం ఆ సున్నా ఒక్కటే.

మర్నాడు బ్యాంకుకు వెళ్ళాం.

చదువు అప్పు ఏడున్నర లక్షలు దాటితే తనఖా కావాలి. మాకు ఏలూరు కాలవ కింద మూడెకరాల మాగాణి ఉంది. రాజధాని వస్తోందని గన్నవరం నుంచి జంక్షన్ దాకా పొలాల రేట్లకు రెక్కలు మొలిచిన రోజులవి. నాన్న పాస్‌బుక్‌ను టేబుల్ మీద పెట్టిన తీరు చూస్తే బ్యాంకునే కొనడానికి వచ్చారనిపించింది. మేనేజర్ దాన్ని తిరిగి నెట్టేశాడు. 2002 నాటి సర్ఫేసీ చట్టం సాగుభూమికి వర్తించదట. అప్పు ఎగ్గొడితే పొలం చేజిక్కించుకోవడం కష్టమట. ఇల్లో, ఇళ్ళస్థలమో తెమ్మన్నాడు.

"మీ పొలంతో మేమేం చేసుకుంటాం సార్?" అన్నాడు.

"వరి వెయ్యండి" అన్నారు నాన్న.

మా ఇల్లు ఇంకా తాతగారి పేరనే ఉంది. తాతగారికి నలుగురు కొడుకులు. ఆ నలుగురూ ఒక కాయితం మీద సంతకం పెట్టే రోజు వస్తే అమెరికాయే మా ఊరొస్తుంది. చివరికి అమ్మ ఏలూరు వెళ్ళి మావయ్య దగ్గర కూచుంది. మావయ్య మంచివాడు, బిల్డింగ్ కాయితాలు ఇస్తానన్నాడు. "అయితే అక్కా, మావాడు వారెన్స్‌బర్గ్‌లో ఉన్నాడుగా, వీణ్ణీ అక్కడికే పంపు. కంటికి కనిపిస్తూ ఉంటాడు" అన్నాడు. ఆ వారమే బావ ఫోన్ చేసి, "కోర్సు బ్రహ్మాండం రా! ప్రొఫెసర్లు దేవుళ్ళు! ఇంకేం ఆలోచించకు" అన్నాడు. మార్చి నెల అది. నెల గుర్తుపెట్టుకోండి.

ఎర్ర సున్నా ఉన్న నోట్‌బుక్‌ను అమ్మ పాల లెక్కకు తీసుకుంది.

యూనివర్సిటీ గురించి వెతికితే ఇంకో సంగతి బయటపడింది. యూనివర్సిటీ ఆఫ్ సెంట్రల్ మిస్సోరీ ఆటల జట్టు గుర్తు మ్యూల్, అంటే కంచర గాడిద. టీషర్టుల మీద కూడా అదే. "పాతిక లక్షలు పోసి గాడిద బొమ్మ తొడుక్కుంటావా?" అని నానమ్మ ఒకటే నవ్వడం.

వీసాకు ముందు హైదరాబాద్ వెళ్ళి చిలుకూరు బాలాజీకి పదకొండు ప్రదక్షిణలు చేద్దామని అమ్మ ప్రయాణం కట్టింది. నానమ్మకు కోపం వచ్చింది. "సముద్రం దాటినవాణ్ణి నడిరోడ్డు మీద పెట్టుకుని, కొండ దిగనాయన దగ్గరికి పోతారేంటే?" ఆలోచిస్తే ఆవిడ మాటలో న్యాయం ఉంది. మన స్వామికి సముద్రం ఒడ్డున కౌన్సెలింగ్ చేసింది జాంబవంతుడు, అదీ పైసా తీసుకోకుండా. దారిలో మైనాకుడు ఆగి సేదదీరమన్నా ఆయన ఆగలేదు. "పైగా వెళ్ళిన పని చూసుకుని తిరిగొచ్చాడురా" అంది నానమ్మ నా వంక చూస్తూ. నేను టీవీ సౌండ్ పెంచాను. మొత్తానికి జంక్షన్‌లో ఆకుపూజ, చిలుకూరులో ప్రదక్షిణలు రెండూ జరిగాయి.

అప్పట్లో కాన్సులేట్ బేగంపేటలో పైగా ప్యాలెస్‌లో ఉండేది. కిటికీ అవతల ఆఫీసరు రెండే ప్రశ్నలు వేశాడు. మొదటిది, ఖర్చు ఎవరు పెడుతున్నారు? రెండోది, ఈ యూనివర్సిటీనే ఎందుకు ఎంచుకున్నావు?

మావయ్య బిల్డింగ్, బావ, నాన్న మూడెకరాలు, తాతగారి నలుగురు కొడుకులు, అందరూ ఒక్కసారిగా గొంతు దాకా వచ్చారు. అందర్నీ మింగేసి, బెంజి సర్కిల్‌లో బట్టీ పట్టించినట్టు, "పాఠ్యాంశాలు నా పరిశోధనాసక్తులకు సరిగ్గా సరిపోయాయండీ" అని ఇంగ్లీషులో అప్పజెప్పాను. అప్పటికి నా పరిశోధన అంతా నాన్నకు 260 సంగతి తెలియకుండా చూడడం మీదే. వీసా ఇచ్చేశాడు.

2016 ఆగస్టులో దిగాను. కాన్సస్ సిటీ నుంచి గంట ప్రయాణం. ఇరవై వేల జనాభా, పొలాలు, మధ్యలోంచి హైవే. అప్పుడే మా జంక్షన్ గుర్తొచ్చింది, రెక్క పట్టుకుని లాగే కండక్టరు ఒక్కడే తక్కువ. ఆ లోటు బావ తీర్చాడని ఆ రాత్రే తెలిసింది. రెండు గదుల ఫ్లాట్లో మూడు పరుపులు, మూలన నాలుగోది చుట్టి ఉంది. ఆవకాయ డబ్బా మూత తీస్తూ బావ రూమ్మేట్ నోరు జారాడు: "మాతో ఉన్నవాడు మార్చిలో డాలస్ పోయాడు బ్రో. అప్పట్నుంచీ నలుగురి రెంటు ముగ్గురం కడుతున్నాం. నువ్వొచ్చావు, బతికాం."

నేను బావ వంక చూశాను. బావ ఆవకాయ వంక చూశాడు.

ఏడాది తిరిగాక బావకూ డాలస్‌లో ఉద్యోగం వచ్చింది. పరుపు చుట్టి మూలన పెట్టి వెళ్ళాడు. ఆ రాత్రే నేను జంక్షన్‌లో మా వెనకవీధి కుర్రాడికి ఫోన్ చేశాను. "కోర్సు బ్రహ్మాండం తమ్ముడూ. ప్రొఫెసర్లు దేవుళ్ళు. ఇంకేం ఆలోచించకు, స్ప్రింగ్‌కి అప్లై చేసెయ్."

జనవరిలో మంచు పడుతుండగా దిగాడు. పరుపు దులిపి ఉంచాను.