షార్టెస్ట్ పాత్ చెప్పండి

సుక్మా జిల్లా భేజ్జి నుంచి సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూకి బయల్దేరే తమ్ముడికి ఈ వారం కొన్ని ఉచిత సలహాలు. ఉచితం కాబట్టి ఇవి అమీర్‌పేటలో దొరకవు.

ముందు నీ గురించి చెప్పమంటారు. ఇంట్లో దోర్లీ, కుంట సంతలో తెలుగు, బడిలో హిందీ, చివరికి ఇంగ్లీషు. ఆ నాలుగోదాంట్లో తడబడ్డావా, ‘కమ్యూనికేషన్ వీక్’ అని రాసేస్తారు. రాసేవాడికి ఆ మొదటి మూడూ వచ్చా అని అడక్కు.

ఆన్‌లైన్ పరీక్షలో కెమెరా నీ మీదే ఉంటుంది. గదిలో రెండో మనిషి కనపడకూడదు, పక్కచూపు చూడకూడదు. సిగ్నల్ అందే చోటు దొరికితే అక్కడికి ఊరంతా ఫోన్లు పట్టుకుని వస్తుందని ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాడికి ఎవరూ చెప్పలేదు.

ఇక టెక్నికల్ రౌండు. ఏ నుంచి బీకి షార్టెస్ట్ పాత్ కనుక్కోమంటారు. ఆ అల్గారిదమ్‌ని 1956లో డైక్‌స్ట్రా అనే డచ్ కుర్రాడు కనిపెట్టాడు. కాబోయే భార్యతో ఆమ్‌స్టర్‌డామ్ బజార్లు తిరిగి అలిసిపోయి, కాఫీ తాగుతూ, కాగితం కలం లేకుండా ఇరవై నిమిషాల్లో తేల్చేశాడట. అచ్చయింది మాత్రం 1959లో. నీకూ దాదాపు ఆ ఇరవై నిమిషాలే ఇస్తారు. కాఫీ ఇవ్వరు.

ఆ లెక్కలో ప్రతి దారికీ ఒక బరువుంటుంది. బరువంటే ఏమిటో నీకు వేరే చెప్పాలా? ఇంజరం–భేజ్జి రోడ్డు ఉందిగా. 2017 మార్చి 11న ఆ రోడ్డు పనికి కాపలాగా వెళ్లిన 12 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు మావోయిస్టులు మాటువేసి చేసిన దాడిలో చనిపోయారు. ఆ దారి బరువు కిలోమీటర్లలో తూగేది కాదు. కానీ తమ్ముడూ, ఇంటర్వ్యూలో ఈ ఊసెత్తకు. గీత పక్కన ఓ అంకె వేసి, టైమ్ కాంప్లెక్సిటీ అప్పజెప్పి ఊరుకో.

తర్వాత బైనరీ ట్రీని తలకిందులు చెయ్యమంటారు. హోమ్‌బ్రూ అనే సాఫ్ట్‌వేర్ రాసిన మాక్స్ హోవెల్‌కి కూడా ఇది తప్పలేదు. గూగుల్ ఇంజనీర్లే తన సాఫ్ట్‌వేర్ వాడుతున్నా, బోర్డు మీద ఈ చెట్టు తిప్పలేదని తనని వద్దన్నారంటూ 2015లో ట్వీట్ చేశాడు. ఇప్పచెట్టు కింద పువ్వులేరుకునే ఊళ్లో పుట్టావు, చెట్టుని తలకిందులు చేస్తే ఏమొస్తుందని నోరు జారేవు సుమా!

హెచ్ఆర్ రౌండులో ఎంత జీతం ఆశిస్తున్నావంటారు. ఏమీ ఆశించకపోవడం మంచిది. 2023లో విప్రో ఏడాదికి ఆరున్నర లక్షలని ఆఫరిచ్చిన కొత్తవాళ్లని మూడున్నరకి వస్తారా అని అడిగింది. ఇన్ఫోసిస్ ఆఫర్ చేత పట్టుకుని 2022 బ్యాచ్‌లో చాలామంది 2024 దాకా ఎదురుచూశారు.

నువ్వు మటుకు ఖాళీగా కూర్చోకు. మిరప కోతలకి మీ వైపువాళ్లు ఖమ్మం దాకా వస్తూనే ఉంటారు. అక్కడ ఒకటే రౌండు: ముఠాలో ఎంతమంది? జాయినింగ్ మర్నాడు పొద్దున్నే. ఎర్రటెండలో వంగి మూడు నెలలు కాయ కోసి, మళ్లీ ఇంటర్వ్యూకి వెళ్లి చల్లటి గదిలో కూర్చున్నాక, హెచ్ఆర్ మేడమ్ నీ రెజ్యూమె తిరగేసి నవ్వుతూ అడుగుతుంది: ‘‘ఈ మూడు నెలల గ్యాప్ ఏంటి?’’