అడగనోడికి ఆయాసం లేదు

ఇందుకూరుపేట మండలంలో హాయిగా బతకాలంటే ముందుగా ఒక సామెత మర్చిపోవాలి. అడగందే అమ్మయినా పెట్టదంటారే, అది. దాన్ని కట్టినవాడెవడో గాని మనవైపు వాడు కాడు. మనవైపు వాడైతే, అడిగితే పెట్టేది కూడా ఆపేస్తారని తెలిసి ఉండేది. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్లకు, బదిలీ మీద వచ్చిన టీచర్లకు, ఆదివారం పూట నెల్లూరు నుంచి పాతిక కిలోమీటర్లు బండి తోలుకుని మైపాడు బీచికొచ్చే కుర్రాళ్లకు, అందరికీ పనికొచ్చే సలహాలివి. పాతకాపులకు చెప్పక్కర్లేదు. వాళ్లు ఎప్పటినుంచో పాటిస్తూనే ఉన్నారు.

చేపతో మొదలుపెడదాం. రోడ్డు పక్క తట్ట ముందు కూర్చుని మొప్ప ఎత్తి చూడడం మర్యాదస్తుల లక్షణం కాదు. మొప్ప ఎర్రగా ఉంటే తాజాది, మట్టిరంగుకు తిరిగితే పాతది. కన్ను ఉబ్బి మెరుస్తుంటే ఇవాళ్టిది, లోపలికి పోయి పాలరంగు పట్టిందంటే మొన్నటిది. వేలితో నొక్కితే కండ మళ్లీ పైకి లేవాలి, సొట్ట అట్టాగే ఉండిపోతే ఇక అడగనక్కర్లేదు. ఇదంతా మన నాయనమ్మలకు కంఠతా వచ్చు. అందుకే చేపలమ్మికీ వాళ్లకీ రోజూ గుమ్మంలో రణమే. మీకు రణం దేనికి? చేప కళ్లలోకి చూడకుండా ‘కిలో తూచమ్మా’ అని, ఫోను తీసి అందులోకి చూస్తూ నిలబడండి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్లు కట్టేసి ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు పెట్టిన నిషేధం. ఆ రోజుల్లో, మే నెల నడిమధ్యలో, నిగనిగలాడే వంజరాన్ని చూపించి ‘తెల్లారి పడింది సామీ’ అంటే ఏ బోటు తెచ్చిందని అడక్కండి. ఇంజను లేని తెప్పలకు నిషేధం లేదు గదా, దేనికో పడి ఉంటుందిలే అని జవాబు కూడా మీరే చెప్పేసుకోండి. అడిగేవాడూ మీరే, చెప్పేవాడూ మీరే అయితే బేరం త్వరగా తెములుతుంది.

ఐసు సంగతి కూడా అంతే. తినడానికి పనికిరాని ఐసుకు నీలం రంగు కలపాలని ఆహార భద్రతా సంస్థ 2018లో నిబంధన పెట్టింది. చేప మీద కప్పిన ఐసు తెల్లగా ఉందా, అయితే అది నిమ్మకాయ సోడాలో వేసుకునే రకమేనని నమ్మండి. నీలం ఐసు కోసం ఊరంతా గాలించే పని పెట్టుకోవద్దు.

ఇంటికి తెచ్చాక చేప కొంచెం వాసన వేస్తోందని ఇల్లాలు అంటే కంగారు పడకండి. చింతపండు రెండింతలు చేయమనండి, మామిడికాయ ముక్కలు నాలుగు ఎక్కువ వేయమనండి, మెంతిపొడి దట్టించమనండి. నెల్లూరు చేపల పులుసు రెండోరోజుకే రుచి తేలుతుందని లోకమంతా ఒప్పుకుంది. పులుసు మాగడానికి ఒక రోజు ఇచ్చినప్పుడు, చేప మాగడానికి రెండు రోజులు ఇస్తే తప్పేముంది?

ఇక రొయ్య. మన మండలంలో రొయ్య గురించి మాట్లాడితే నిలకడగా మాట్లాడాలి, ఎందుకంటే ఇక్కడ దాన్ని పెంచేదీ మనమే, అమ్మేదీ మనమే, కొనేదీ మనమే. 1990ల్లో టైగర్ రొయ్య వచ్చి వరి మళ్లను గుంటలు చేసింది. ఆ దశాబ్దం సగానికల్లా తెల్లమచ్చ వైరస్ వచ్చి గుంటలను ఊడ్చేసింది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక మళ్లీ గట్లు లేచాయి, ఏరేటర్లు తిరిగాయి. ఇన్నేళ్ల అనుభవంలో మనం సంపాదించుకున్న అసలు విద్య ఒకటుంది: పట్టుబడి రోజున నోరు మెదపకుండా నిలబడడం.

దాన్ని సరిగ్గా ఎట్టా చేయాలో చెబుతాను. తెల్లవారుజాము. గట్టు మీద లైట్లు, నడుంలోతు నీళ్లలో వల లాగే మనుషులు, వరసగా క్రేట్లు, పక్కన ఐసు లారీ. కొనేవాళ్ల తరఫు కుర్రాడు ఒక క్రేటులో చెయ్యి పెట్టి కిలో రొయ్యలు తీసి, పట్టా మీద పోసి లెక్క పెడతాడు. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అది కౌంటు. అంకె చిన్నదైతే రొయ్య పెద్దది, ధర పెద్దది. ఆ కుర్రాడి చెయ్యి క్రేటులో ఏ మూలకు పోయిందో గమనించడం చిన్నతనం. అరవై రెండు తేలితే ‘అరవై దాటింది బ్బయా’ అని కింది మెట్టు ధర చెబుతాడు. ఇంకో క్రేటులోంచి తీసి మళ్లీ లెక్కపెట్టమని మీ నోటిదాకా వస్తుంది. మింగేయండి. తర్వాత పెంకు మెత్తగా ఉందని కొంత, నీళ్లు కారుతున్నాయని కొంత తరుగు తీస్తారు. ఎంత తీయాలని ఎక్కడ రాసి ఉందని అడిగితే లారీ పక్క గుంటకు పోతుంది. రొయ్య ఒడ్డున పడ్డాక గంటగంటకీ చచ్చే సరుకు. లారీకి ఆ తొందర లేదు. ఈ ఒక్క తేడా చాలు, ఎవరు మాట్లాడాలో ఎవరు మూసుకోవాలో తేలిపోవడానికి.

మధ్యాహ్నం అదే రకం రొయ్యను అంగట్లో కొనబోతారు. అక్కడ నీళ్లు ఓడే కవరుతో సహా తూకం వేస్తారు. చూశారా, అమ్మేటప్పుడు రొయ్య నీళ్లు మన లెక్కలోంచి పోయాయి, కొనేటప్పుడు మన లెక్కలోకి వచ్చాయి. తరుగు లేని చోటు మనకు అలవాటు లేదు కాబట్టి ఇబ్బందేమీ ఉండదు. కాటా మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండాలంటారు. ఉండే ఉంటుంది, తడి గోతం కింద.

ధర సంగతి కూడా తెలుసుకోండి. 2025 ఏప్రిల్‌లో అమెరికా కొత్త సుంకాల ప్రకటన చేసిందో లేదో, అవి పూర్తిగా అమల్లోకి రాకముందే, గట్టు మీద కొనే ధర కిందికి దిగింది. ఆ ఆగస్టుకు మన సరుకు మీద సుంకం నిజంగానే 50 శాతానికి చేరింది. దిగడానికి అంత హుషారుగా దిగిన ధర, హోటల్లో రొయ్యల వేపుడు దగ్గరికి వచ్చేసరికి ఎందుకు కదల్లేదని సర్వరును నిలదీయకండి. ఆయనకు సముద్రం అవతలి సంగతులు తెలియవు. గుంట మీద కొన్నవాడికి మాత్రం భలే తెలుస్తాయి.

పరీక్షల విషయం మరీ సున్నితం. రొయ్యలో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ లాంటి మందుల జాడ ఉందేమోనని యూరప్ వాళ్లకు అనుమానం ఎక్కువ. 2016లో మన రొయ్య లోడ్లలో పదిశాతానికి చేసే తనిఖీని యాభై శాతానికి పెంచారు. అంటే రెండు లోడ్లలో ఒకదాన్ని ఆపి చూడడం. ఏ గుంట, ఏ సీడు, ఏ మేత అని కాగితాలు అడుగుతారు. మనకు అంత చాదస్తం లేదు. వాళ్ల పరీక్షలో గట్టెక్కని సరుకు ఎటు పోతుందన్న ఆలోచన భోజనం ముందు రానివ్వకండి. వచ్చినా వెల్లుల్లి కాస్త ఎక్కువేయించుకుంటే పోతుంది.

వడ్లు, బియ్యం దగ్గర కొత్తగా నేర్చుకునేది తక్కువ, పాఠం అదే. మన పుట్టి అంటే 850 కిలోలు. తేమ 17 శాతం దాటకూడదని కొనుగోలు కేంద్రంలో బోర్డు ఉంటుంది. తేమ ఎంతుందో మిషను చెప్పకముందే మిల్లు మనిషి గుప్పెట్లో గింజలు పట్టి చెప్పేస్తే చప్పట్లు కొట్టండి, అది కళ. తేమ పేరున, తాలు పేరున పుట్టి కాస్త లావెక్కుతుంది. ఇంట్లోకి బియ్యం కొనేటప్పుడు బస్తా కూడా లావెక్కింది: 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న ప్యాకింగు బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడడంతో 26 కిలోల బస్తా పుట్టుకొచ్చింది. ఆ పన్ను తప్పిన మేర ధర తగ్గిందా అని అంగడాయనను అడగొద్దు. బిల్లూ అడగొద్దు. తెల్లచీటీ మీద పెన్సిలుతో రాసిస్తే జేబులో పెట్టుకుని, చొక్కాతో పాటు ఉతికించేయండి. బిల్లంటూ ఉంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చేయబుద్ధవుతుంది. వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు కేసుకు ఫీజు లేదనీ, వకీలు అక్కర్లేదనీ ఎవరో ఒకరు చెబుతారు. ఎందుకొచ్చిన తంటా. ఇక మొలగొలుకులని పేరు పెట్టి ఏమిస్తే అవి తీసుకోండి. అసలు మొలగొలుకుల అన్నం తిన్న నోళ్లు ఊళ్లో తగ్గిపోయాయి కాబట్టి పోల్చి చెప్పేవాళ్లు కూడా తక్కువే.

బీచిలో మిరపకాయ బజ్జీ పేపర్లోనే తినాలి, ప్లేటు అడిగితే టౌనువాళ్లనుకుంటారు. అచ్చు సిరా ఆహారానికి మంచిది కాదని చెప్పేవాళ్లుంటారు. కాని బజ్జీ తినేశాక కాగితం మీద వార్త ఇంకా కనబడుతోందంటే సిరా మొత్తం మీ కడుపులోకి పోలేదనే గదా అర్థం. నూనె రంగు చూసి ఇది ఎన్నో వాయి అని లెక్కించొద్దు. ఇరవై రూపాయల నీళ్ల సీసాకు ముప్పై అంటే అది కూలింగ్ చార్జీ. సీసా వెచ్చగా ఉన్నా సరే. అలల్లో దిగొద్దని పోలీసులు అరిచే చోటే దిగాలన్న సలహా మాత్రం నేనివ్వను, దానికి నా సలహా అక్కర్లేకుండానే ప్రతి ఏడూ పిలకాయలు పోతున్నారు.

నీళ్లంటే గుర్తొచ్చింది. మన బోరు నీళ్లు ఉప్పగా ఎందుకయ్యాయన్నది ఇంట్లో ఎత్తకూడని విషయాల్లో మొదటిది. సముద్రం పక్కనుంది గదా అనేయడం సుఖం. సముద్రం మన తాతల కాలంలోనూ పక్కనే ఉంది, అప్పుడు బావి నీళ్లతో పప్పు ఉడికేది అని ముసలామె ఎవరైనా అంటే, ‘నీకు మతి తప్పింది పెద్దమ్మా’ అని నవ్వేయండి. లీటరు నీళ్లలో కరిగిన లవణాలు 500 మిల్లీగ్రాములు దాటకపోతే మంచిది, వేరే దారి లేకపోతే 2,000 దాకా తాగొచ్చని ప్రమాణం. మీ బోరు ఎంతుందో కొలిపించొద్దు, తెలిస్తే దాహం చచ్చిపోతుంది. ఇరవై లీటర్ల క్యాను తెప్పించుకోండి. క్యాను ఏ రోజు కడిగారో, అందులో పోసిన నీళ్లు ఏ బోరువో, ప్లాంటు వదిలేసే ఉప్పునీళ్లు ఏ కాలవలో కలుస్తున్నాయో అడగొద్దు. సోమశిల నుంచి పెన్నా నీళ్లు వస్తున్నంత కాలం వరికి ఢోకా లేదనుకుందాం. గుంట పక్క మడిలో అంచు మొక్కలు ఎర్రబడితే తెగులని మందు కొట్టిద్దాం.

ఎవరైనా చదువుకున్న కుర్రాడు 1996 డిసెంబరు 11 నాటి సుప్రీంకోర్టు తీర్పు తెచ్చి, తీర నియంత్రణ మండలంలో రొయ్యల గుంటలు తీసేయమన్నారు, నష్టపోయినవాళ్లకు పరిహారం ఇమ్మన్నారు అని వాదిస్తాడు. వాడికి జవాబు సిద్ధంగా ఉంది: 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం చేసింది. రిజిస్ట్రేషన్ చేయించుకుంటే సరిపోతుంది. ‘అయితే ఈ గుంటకు రిజిస్ట్రేషన్ ఉందా?’ అని వాడు ఎదురడిగితే, ఎండ ఎక్కువైందని చెప్పి లోపలికి వెళ్లిపోండి.

చివరగా గ్రామసభ. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు పెట్టారు, కాబట్టి అదేంటో మనకు తెలియదనడానికి లేదు. పంఖా కింద కుర్చీ చూసుకుని కూర్చోండి. వీధిలైట్ల గురించి ఎంతసేపైనా మాట్లాడొచ్చు, దానికి ఎవరికీ కోపం రాదు. గుంటల నీళ్లు కాలవలోకి వదులుతున్నారని పక్కాయన లేవబోతే చొక్కా పట్టుకుని లాగండి. ‘కూర్చో బావా, మనకెందుకు’ అనండి. ఆ గుంట లీజు మీ బామ్మర్దిదే అయితే కాస్త గట్టిగా లాగండి. రిజిస్టర్లో సంతకం మాత్రం వచ్చిన వెంటనే పెట్టేయాలి, టీలు ఇచ్చాక అది కనబడదు.